పాత అవుట్‌బోర్డ్ మోటార్: కంప్రెషన్ ఎక్కడ పోతోంది?

హోస్ట్: ఉప్పాడ వైపు నుంచి ఒకాయన అడిగారు. పాత టూ స్ట్రోక్ మోటార్, రెండు సిలిండర్లు. కార్బ్యురేటర్ కడిగించారు, ప్లగ్గులు మార్చారు. అయినా వల ఎక్కాక బోటు ముందుకు పోవట్లేదట. కాకినాడలో ఫైబర్ బోట్ల మోటార్లు చూసే మెకానిక్ బాబాయ్ మనతో ఉన్నారు. మీరైతే ఎక్కడ మొదలుపెడతారు బాబాయ్?

మెకానిక్: స్టార్టర్ తాడు దగ్గరే. నెమ్మదిగా లాగితే ఒక చుట్టుకి రెండు బిగువులు చేతికి తగలాలి. ఒకటి గట్టిగా, ఒకటి వదులుగా ఉందంటే సగం తెలిసిపోయినట్టే. మిగతా సగానికి గేజ్. ప్లగ్ రంధ్రంలో బిగిస్తే, సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో, అంటే కంప్రెషన్ ఎంతో ముల్లు చూపిస్తుంది.

హోస్ట్: గేజ్ ఎవరైనా పెడతారు కదా?

మెకానిక్: పెడతారు, తప్పు రీడింగ్ తీస్తారు. మోటార్ కాసేపు నడిపి వేడెక్కించాలి. ప్లగ్గులు రెండూ తీసేయాలి. మోటార్‌ని ఆపే కిల్ స్విచ్ క్లిప్పు లాగేసి, ప్లగ్ వైర్లు బాడీకి ఎర్త్ చేయాలి. ప్లగ్ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. తర్వాత థ్రాటిల్ పూర్తిగా తెరవాలి. ఇది మరిచిపోయి, గాలి అందక ముల్లు లేవకపోతే, రెండు సిలిండర్లూ పోయాయని టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ! ముల్లు ఇక పెరగదనుకునే దాకా లాగాలి. రెండోదానికీ అన్నిసార్లే.

హోస్ట్: ఎంత రావాలి?

మెకానిక్: అందరూ అడిగేది అదే. మోడల్‌ని బట్టి ఉంటుంది. కిరోసిన్ మోటార్లకి తయారీలోనే కంప్రెషన్ తక్కువ పెడతారు, లేకపోతే నాకింగ్, అంటే లోపల టకటకా కొట్టుకోవడం వస్తుంది. పక్కోడి పెట్రోల్ మోటార్‌తో పోల్చుకుంటే లాభం లేదు. గేజ్‌కీ గేజ్‌కీ కూడా తేడా ఉంటుంది. అందుకే నేను రెండు సిలిండర్ల మధ్య తేడా చూస్తాను. గేజ్ మీద 110, 105 పీఎస్‌ఐ అయితే పర్లేదు. 110, 75 అంటే లోపల చూడాల్సిందే.

హోస్ట్: సిలిండర్‌లో నాలుగు చుక్కల ఆయిల్ వేసి మళ్లీ చూడమంటారు కదా?

మెకానిక్: రీడింగ్ లేస్తే పిస్టన్ చుట్టూ గాలి పోకుండా ఆపే రింగుల మీద అనుమానం. కానీ టూ స్ట్రోక్‌లో ఆయిల్ ఎలాగూ లోపలే ఉంటుంది, దాన్ని మరీ నమ్మొద్దు. నేనైతే ఎగ్జాస్ట్ కవర్ విప్పుతాను. పొగ బయటికి పోయే రంధ్రం, అదే పోర్ట్‌లోంచి టార్చి వేసి, ఫ్లైవీల్‌ని చేత్తో మెల్లగా తిప్పితే పిస్టనూ, రింగులూ కళ్లముందుకొస్తాయి. సన్నటి పుల్లతో రింగుని నొక్కు. స్ప్రింగులా లోపలికెళ్లి తిరిగొస్తే బాగున్నట్టు. మసి పట్టి బిగుసుకుపోతే కదలదు. కిరోసిన్ వాడే మోటార్లలో ఇది చాలా ఎక్కువ. పిస్టన్ పక్కన నిలువు గీతలు గోటికి తగిలాయంటే పిస్టన్ సిలిండర్ గోడకి పట్టేసి వదిలిందన్నమాట. అయితే ఉప్పుకి బిగిసిన కవర్ బోల్టుల్ని వేడి చేయకుండా రెంచి వేశావంటే తల తెగి చేతికొస్తుంది, అక్కడితో అసలు పని పక్కకెళ్లిపోతుంది.

హోస్ట్: రెండూ సమానంగా తక్కువొస్తే?

మెకానిక్: అరిగిపోయి ఉండొచ్చు. లేదా సిలిండర్ల పైమూత కింద ఉండే సీలు, అదే హెడ్ గ్యాస్కెట్, రెండు సిలిండర్ల మధ్య కాలి ఉండొచ్చు. ఒక రంధ్రంలో గేజ్ ఉండగా రెండోదాని మీద అరచేయి అడ్డుపెట్టి తాడు లాగించు. వేళ తప్పిన గాలి ఊపు ఒకటి చేతికి తగిలితే గాలి అటు పోతున్నట్టే. గ్యాస్కెట్‌లోంచి నీళ్లు దిగుతుంటే ఆ ప్లగ్గు ఒక్కటీ కడిగినట్టు తెల్లగా ఉంటుంది.

హోస్ట్: పిస్టన్ మార్చేస్తే సరిపోతుందా?

మెకానిక్: ఎందుకు పట్టేసిందో చూడకుండా మార్చితే కొత్తదీ అలాగే పోతుంది. ఒడ్డున లోతు లేని చోట స్టార్ట్ చేస్తే ఇసుక లాగేసి, మోటార్‌ని చల్లబరిచే నీళ్లు తోడే ఇంపెల్లర్ అరుగుతుంది, పక్కనుంచి వచ్చే నీటి ధార సన్నబడుతుంది. ఇంపెల్లర్, థర్మోస్టాట్, ఆయిల్ కలిపే లెక్క, ఈ మూడూ చూశాకే బోర్, అంటే సిలిండర్ లోపలి వెడల్పు కొలిపించు. రింగులు మాత్రమే బిగుసుకుని, బోర్‌లో గీతలు లేకపోతే సిలిండర్‌ని మళ్లీ తొలిపించే రీబోర్ అక్కర్లేదు. మసి తీసి కొత్త రింగులు వేస్తే చాలు.