‘యం.యస్సీ’ అంటే నవ్వడానికేముంది?

(కడపలో ఇంగ్లీషు టీచర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న సార్లకు, మేడమ్‌లకు, వెనక ఫ్యాన్ కింద చోటు చూసుకున్న పిల్లలకు నమస్కారం. అందరి పేర్లూ చదవమని చీటీ ఇచ్చారు గానీ అది చదివితే నాకిచ్చిన టైంలో సగం దానికే పోతుంది, ఏమనుకోవద్దు.

నాకిచ్చిన అంశం ఇంగ్లీషు హల్లులు. ముందు లెక్క చెప్పేస్తా. ఇంగ్లీషు అక్షరాలు 26, వాటిలో హల్లులని చెప్పుకునేవి 21, నోట్లో పలికే హల్లులు మాత్రం 24. పైగా ఆ 21లో సి, క్యూ, ఎక్స్‌లకు సొంత ధ్వనే లేదు. సి ఒకచోట కకారం, ఇంకోచోట సకారం. అంటే నిజంగా పనిచేసేవి 18. మిగతా ఆరు ధ్వనులకు అక్షరాలు చాలక ఎస్‌హెచ్, సిహెచ్, టిహెచ్, ఎన్‌జి అని జంటలు కట్టించారు. ఆ టిహెచ్ కూడా ‘థిన్’లో ఒక ధ్వని, ‘దిస్’లో ఇంకొకటి. ‘మెజర్’ మధ్యలో వినబడే ధ్వనికైతే ఆ జంట కూడా దక్కలేదు.

ఈ 24నీ వరుసగా చెప్పాలని కాగితం మీద రాసుకొచ్చా. పక్కన పెడుతున్నా. ఎందుకంటే నా దగ్గర చదివిన ఒకమ్మాయి ఈమధ్య ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పోయింది. ఏ ఊరు, ఏ సంస్థ అని అడగొద్దు, చెప్పను. ఏం చదివావంటే ‘యం.యస్సీ’ అంది, ఆ సబ్జెక్టే ఎందుకు తీసుకున్నావంటే ‘దట్ ఈజ్ ది వోన్లీ సబ్జెక్ట్ ఐ లైక్’ అంది. అవతల కూర్చున్నాయన నవ్వి, పక్కాయనతో ‘రాయలసీమ ఇంగ్లీష్’ అన్నాడంట. ఆ తర్వాత అడిగినవాటికి జవాబులు తెలిసి కూడా ఆ పిల్ల నోరు తెరవలేదు.

ఏమప్పా, అందులో నవ్వడానికేముంది? తెలుగులో మాట మొదట ఎ, ఏ వస్తే ముందు ఒక యకారం, ఒ, ఓ వస్తే ముందు ఒక వకారం తోడొస్తాయి. ఇది రాయలసీమ జబ్బేమీ కాదు, తెలుగు నోటి పద్ధతి. ఎర్రగుంట్ల జంక్షన్‌లో రైలు దిగి ఇంగ్లీషు బోర్డు చూడండి, మొదటి అక్షరం వై. ఎమ్మిగనూరుకూ అంతే. రాములవారి ఒంటిమిట్టకు ఇంగ్లీషులో మొదటి అక్షరం వి. ఓర్వకల్లుకు మాత్రం ఓ తోనే సరిపెట్టారు, అదెందుకో ఆ రాసినవాళ్లకే తెలియాలి! ఊళ్ల పేర్లలో ప్రభుత్వమే రాసిపెట్టిన య, వ ఒక ఆడపిల్ల నోట్లోంచి వస్తే నవ్వులాటయిందా?

ఇంకోమాట వినండి, ఆ నవ్వినాయన ఎప్పుడైనా తారసపడితే చెప్పాలని దాచుకున్నా. ఇంగ్లీషులో ఒకటిని ఏమంటారు? ‘వన్’. స్పెల్లింగులో మొదటిది ఓ. మరి ఆ వకారం ఎక్కడిది? పాతకాలంలో ఆ మాట మొదట వకారం లేదు, పడమటి ఇంగ్లండు వాళ్ల నోట్లో అది పుట్టి, కాలక్రమాన దేశమంతా పాకి, అదే సరైన ఉచ్చారణ అయి కూర్చుంది. అదే మాట నుంచి వచ్చిన ‘ఓన్లీ’, ‘అలోన్’ పాత పద్ధతిలో మిగిలిపోయాయి. వాళ్లు ‘వన్’ అంటే స్టాండర్డ్, మా పిల్ల ‘వోన్లీ’ అంటే రాయలసీమ ఇంగ్లీషు!

అట్లని దిద్దొద్దని నేననడం లేదు. దిద్దాలి. చెవికీ సంవత్సరానికీ ఇంగ్లీషులో తేడా ఆ ఒక్క యకారమే, ‘ఇయర్’, ‘యియర్’. అది కలిసిపోతే డాక్టరు దగ్గర తికమకే. నవ్వకుండా దిద్దండి, నేనడిగేది అంతే. దిద్దాలంటే ముందు మనకు తెలియాలి కదా, అక్కడే వస్తుంది చిక్కు.

ఇప్పుడు అందరూ గొంతు మీద చెయ్యి పెట్టుకోండి. ఆ మూలనున్న సార్ కూడా, ఫోన్ తర్వాత చూసుకోవచ్చు. ‘స్స్స్’ అనండి. చేతికేమీ తగలదు. ఇప్పుడు తేనెటీగ లాగా ‘జ్జ్జ్’ అనండి. వణుకు తెలిసిందా? ఎస్‌కీ జెడ్‌కీ తేడా అంతే. మన పిల్లలకు ఇది కొత్తేమీ కాదు. పరుషాలు క చ ట త ప, సరళాలు గ జ డ ద బ అని హైస్కూల్లో బట్టీ పట్టిస్తాం, పూచెను, కలువలు కలిస్తే ‘పూచెను గలువలు’ అని సంధి చేయిస్తాం. గొంతు వణకనివి పరుషాలు, వణికేవి సరళాలు. తెలుగు సార్ చెప్పిన ఆ పాఠాన్నే ఇంగ్లీషు పీరియడ్‌లో వాడుకుంటే ఎంత పని తప్పుతుందో చూడండి. ‘క్యాట్’ చివర పరుషం, కాబట్టి ‘క్యాట్స్’. ‘డాగ్’ చివర సరళం, కాబట్టి రాసేది ఎస్సే అయినా పలికేది ‘డాగ్జ్’. భూతకాలం ఇడి కూడా అంతే, ‘వాక్’ మీద ‘వాక్ట్’, ‘ప్లే’ మీద ‘ప్లేడ్’, చివర అప్పటికే టకారమో డకారమో ఉంటేనే ‘వాంటిడ్’. ఎఫ్, ఎస్, ఎస్‌హెచ్‌లను పరుషాల పక్షాన వేసుకోండి, అచ్చులూ మ, న, ల, ర లూ సరళాల పక్షాన. ‘వాక్‌ఎడ్’ అని మూడు తరాలకు మనమే నేర్పించి, ఇప్పుడు పిల్లలను తిడితే ఎట్లా?

జెడ్ మన నోటికి రాదనేవాళ్లకు ఈ ఊళ్లోనే జవాబుంది. బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చాడు, ఆయన బంగళా ఉన్నచోటే ఇవాళ ఆయన పేరుతో గ్రంథాలయం నడుస్తోంది. 1852లో అచ్చయిన తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో, మనం ఒకే అక్షరంతో రాసే చకారంలో రెండు ధ్వనులనూ, జకారంలో రెండు ధ్వనులనూ విడదీసి చూపించాడు. ‘చాప’, ‘చీర’ పలికి చూడండి, తేడా తెలుస్తుంది. ‘జీతం’ అన్నప్పటి జ వేరు, ‘రోజు’, ‘బజారు’ అన్నప్పటి జ వేరు. ఆ ‘రోజు’లో జకారం ఇంగ్లీషు జెడ్‌కు పక్కింట్లోనే ఉంది. అక్కడినుంచి మొదలుపెట్టండి, ‘జూ’, ‘జీరో’ వాటంతటవే దారికొస్తాయి.

స్పెల్లింగు గోల ఎత్తితే సాయంత్రమవుతుంది. 1476లో కాక్స్‌టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాక అక్షరాలు మెల్లగా గట్టిపడ్డాయి, నోళ్లు మాత్రం మారుతూనే పోయాయి. యోధుడనే అర్థంలో ‘నైట్’ మొదట కె ఒకప్పుడు పలికేవాళ్లు, తర్వాత మానేశారు, అక్షరం ఉండిపోయింది. అది న్యాయమే. ‘డెట్’లో బి సంగతి అట్లా కాదు, ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు దాంట్లో బి లేదు, లాటిన్ మూలం చూపించాలని పండితులు తర్వాత ఇరికించారు. వాళ్ల పాండిత్యానికి మైదుకూరులో పిల్లోడు మార్కులు పోగొట్టుకుంటున్నాడు.

ఒక్కటి ఇంటికి పోయి చేయండి. సన్నటి కాగితం ముక్క నోటి ముందు పట్టుకుని ‘పిన్’ అనండి, ఇంగ్లీషువాళ్ల లాగా ఊపిరి వదిలితే కాగితం ఊగుతుంది. ‘స్పిన్’ అంటే ఊగదు. అక్షరం ఒకటే పి, ఎస్ పక్కన చేరేసరికి ఊపిరి తగ్గిపోయింది. క్లాసులో చేయిస్తే గోల గోలగా ఉంటుంది, హెడ్‌మాస్టరు తలుపు దగ్గరికి వస్తాడు, రానీయండి.

చీటీ రెండోసారి వచ్చింది, ఆపుతున్నా. విత్తనాల్లాగా అందరికీ పంచుదామని కాగితాలు కోసుకొచ్చా, టీ దగ్గర తీసుకోండి. వి, డబ్ల్యు తేడా అడగాలనుకున్నవాళ్లు కూడా అక్కడే నన్ను పట్టుకోండి, వాటికి పెదవులు దగ్గరినుంచి చూపించాలి.