స్టేజీకి వీపు పెట్టి నిలబడండి: ఆరుబయట పాటల పండుగలో వాలంటీర్ పని

[దృశ్యం: నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్. ఎండ ఇంకా దిగలేదు. స్టేజీ మీద మైకులు సరిచూస్తున్నారు. ముందు వరుసల్లో అప్పుడే జనం కూర్చుంటున్నారు.]

నమస్తే. మన నల్లగొండలో, పాలమూరులో ఆరుబయట పాటల కార్యక్రమం పెడితే జనం ఎట్లా కదిలొస్తారో మీకు తెలుసు. డప్పు మోగిందంటే పసిపిల్లను చంకన వేసుకొని తల్లి వస్తుంది, కర్ర పట్టుకొని తాత వస్తాడు, బైక్ మీద ముగ్గురు పిల్లగాళ్లు వస్తారు. ఇంతమంది క్షేమంగా వచ్చి, హాయిగా విని, ఇంటికి చేరాలంటే వాలంటీర్లు ఏం చేయాలో ఈ వీడియోలో చెప్తాను. ఎన్ఎస్ఎస్ విద్యార్థులు, యువజన సంఘాల వాళ్లు ముఖ్యంగా చూడండి.

సాధారణంగా మన దగ్గర జరిగేది ఇది. మెడలో కార్డు పడగానే వాలంటీర్లంతా స్టేజీ పక్కన చేరతారు. శాలువాలు అందిస్తారు, అతిథుల కుర్చీలకు కాపలా ఉంటారు, ఫోన్లలో పాట రికార్డు చేసుకుంటారు. శాలువాలకు ఇద్దరు చాలు. మిగతా అందరి పని జనంలో ఉంది. అందుకే నేను మొదట చెప్పే మాట: స్టేజీకి వీపు పెట్టి, జనం ముఖాలు కనబడేటట్టు నిలబడండి. పాట చెవులతో వింటే చాలు. కళ్లు మాత్రం జనం మీదే ఉండాలి.

[దృశ్యం: నేల మీద సుద్దతో గీసిన మీటరు పొడవు, మీటరు వెడల్పు గడి. అందులో నలుగురు వాలంటీర్లు.]

ముఖాల్లో ఏం చూడాలి? కార్యక్రమానికి ముందురోజు శిక్షణలో ఇది చేసి చూడండి. నేల మీద చదరపు మీటరు గడి గీసి నలుగురిని నిలబెట్టండి. అటూ ఇటూ తిరగగలుగుతారు, జేబులోంచి ఫోన్ తీయగలుగుతారు. ఐదో మనిషిని, ఆరో మనిషిని ఎక్కించండి. చెయ్యి పైకి లేపడమే కష్టమవుతుంది. గ్రౌండ్‌లో జనం అంత దగ్గరయ్యాక ఎవరి అడుగు వాళ్ల చేతిలో ఉండదు. వెనక ఒకరు తోస్తే ఆ ఒత్తిడి ముందు బారికేడ్ దాకా పోతుంది. తొక్కిసలాట అంటే కిందపడ్డవాళ్లను తొక్కడం ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. ఇట్లాంటి చోట ఎక్కువగా ప్రాణం తీసేది ఊపిరాడకపోవడం. నిలబడ్డవాళ్లకు కూడా ఛాతీ నొక్కుకుపోయి ఊపిరి అందదు.

దానికి ముందు గుర్తులు కనిపిస్తాయి. గాలికి వరి చేను ఊగినట్టు తలలన్నీ ఒకే వైపు ఒరిగి, మళ్లీ ఇటు వస్తుంటాయి. ముందు వరుసల్లో చప్పట్లు ఆగిపోతాయి. మనుషులు చేతులు ఛాతీకి అడ్డం పెట్టుకుంటారు. కొందరు స్టేజీని వదిలేసి వెనక్కి చూస్తుంటారు, ఎట్లా బయటపడాలా అని. ఇవి కనబడ్డాయంటే పాట ఆపాలి, అప్పటికప్పుడే.

ఎవరు ఆపాలి? ఇది కార్యక్రమానికి ముందే తేలాలి. సౌండ్ సిస్టమ్ దగ్గర ఒక బాధ్యుడు ఉండాలి. వాలంటీర్ రెండు చేతులూ తల మీద అడ్డంగా పెడితే ఆయన మారుమాట్లాడకుండా మైకు తీసుకొని, ‘అందరూ ఒక్కొక్క అడుగు వెనక్కి వేయండి’ అని నెమ్మదిగా చెప్పాలి. కళాకారులకు కూడా ఈ సంగతి ముందే చెప్పండి. మంచి ఊపులో ఉన్న పాటను ఆపమనడానికి మనవాళ్లకు మొహమాటం. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

డెన్మార్క్‌లో రోస్కిల్డే అని ఒక పెద్ద సంగీత ఉత్సవం 1971 నుంచి జరుగుతోంది. లాభం కోసం పెట్టింది కాదు, వేలాదిమంది వాలంటీర్లే దాన్ని నడుపుతారు. అంత అనుభవం ఉన్నచోట కూడా 2000లో స్టేజీ ముందు ఒత్తిడికి 9 మంది చనిపోయారు. ఆ తర్వాత స్టేజీ ముందు స్థలాన్ని విడివిడిగా బారికేడ్లతో కట్టి, లోపలికి ఇంతమందినే అని పరిమితి పెట్టారు. మన గ్రౌండ్లలో కూడా మధ్యలో దారి వదిలి, జనాన్ని రెండు మూడు గదులుగా విడదీయడం పెద్ద ఖర్చేం కాదు. వెదురు బొంగులు, తాళ్లు చాలు.

దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. 2023 నవంబర్ 25న కేరళలో కొచ్చిలోని కుసాట్ యూనివర్సిటీలో, ఆరుబయట ఆడిటోరియం దగ్గర పాటల కచేరీకి ముందు తొక్కిసలాట జరిగి నలుగురు చనిపోయారు. వాన మొదలవడంతో బయట ఉన్నవాళ్లు ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చారు. మెట్లు ఏటవాలుగా కిందికి ఉన్నాయి. వాన పడితే జనం ఎటు పరుగెత్తుతారో ముందే ఆలోచించాలన్న సంగతి అక్కడ నేర్చుకోవాలి. మనకు వేసవిలో సాయంత్రం పూట ఈదురుగాలులు, పిడుగులు మామూలే. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే కార్యక్రమం ఆపేయండి. చెట్ల కిందికి, లైట్ల టవర్ల కిందికి, ఫ్లెక్సీల కిందికి ఎవరినీ పోనివ్వొద్దు. పక్కన ఉన్న పక్కా భవనాల తాళాలు ముందే తీయించి పెట్టుకోండి.

[దృశ్యం: నీళ్ల డ్రమ్ములు, స్టీలు గ్లాసులు. ఒక ఆడపిల్ల ముసలమ్మకు గ్లాసు అందిస్తుంది.]

ఇక నీళ్లు. ఆరున్నరకు మొదలయ్యే కార్యక్రమానికి నాలుగింటికే వచ్చి ఎండలో కూర్చునేవాళ్లు ఉంటారు. ముందు చోటు పోతుందని లేవరు, నీళ్లు తాగితే బాత్రూమ్‌కు పోవాల్సి వస్తుందని ఆడవాళ్లు తాగరు. డ్రమ్ము ఒక మూలన పెట్టి ‘అక్కడున్నయి, తాగండి’ అంటే సరిపోదు. వరుసల మధ్యకు తీసుకుపోయి, ‘అవ్వా, రెండు గుక్కలు తాగు’ అని చేతికివ్వాలి. బాత్రూమ్‌ల దారిలో లైటు పెట్టి, ఆ దారిలో ఇద్దరు ఆడ వాలంటీర్లను నిలబెడితే సగం సమస్య తీరుతుంది.

ఎవరైనా నీరసంగా కనబడితే నీడకు తీసుకుపోయి ఓఆర్ఎస్ ఇవ్వండి. పాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపండి, చెంచాలు తలకొట్టి కొలవాలి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, పిలిస్తే సరిగా పలకకపోతే అది వడదెబ్బ. వెంటనే 108కు ఫోన్ చేసి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, గాలి తగిలేటట్టు విసరండి. సోయి లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఫిట్స్ వస్తే మన ఊళ్లలో మొదట చేసే పని చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం. దానివల్ల ఫిట్స్ తగ్గవు. చేతులూ కాళ్లూ గట్టిగా పట్టుకోకండి, పళ్ల మధ్య ఏమీ పెట్టకండి. తల కింద మెత్తని కండువా పెట్టి, చుట్టూ ఉన్న కుర్చీలు జరిపి, గడియారం చూడండి. కొట్టుకోవడం ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే, లేదా ఒకటి ఆగగానే ఇంకోటి వస్తే 108. వెలుగుతూ ఆరుతూ ఉండే లైట్లు కొందరికి ఫిట్స్ తెప్పిస్తాయి కాబట్టి ఆ మనిషిని లైట్లకు దూరంగా ఉంచమని ఇంటివాళ్లకు చెప్పండి.

ఇంకొకటి మన దగ్గర ప్రత్యేకం. డప్పు, జమిడిక మోగుతుంటే కొందరు ఆడవాళ్లకు శివమొస్తుంది, అంటే పూనకం. జాతరల్లో చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో ‘ఓ లింగా’ అంటూ భేరీలు మోగినప్పుడు ఆ ఊపు ఎట్లా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. వాలంటీర్లు నవ్వకూడదు, ఫోన్ తీసి వీడియో తీయకూడదు, తీసేవాళ్లను ‘తీయకు అన్నా’ అని ఆపాలి. చుట్టూ కొంచెం జాగా ఇచ్చి, కరెంటు వైర్లు, ఇనుప బారికేడ్ తగలకుండా చూసి, ఒక ఆడ వాలంటీర్ పక్కన ఉండాలి. ఊగడం ఆగి కూలబడిపోయి, పిలిస్తే పలకకపోతే మాత్రం భక్తి అనుకొని వదిలేయొద్దు, వైద్యం చేయించండి.

మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లలో ఫ్లోరోసిస్‌తో కీళ్లు బిగుసుకుపోయినవాళ్లు ఉంటారు. నేల మీద కూర్చోలేరు, ఎక్కువసేపు నిలబడలేరు. అతిథుల కోసం వేసిన సోఫాల కంటే ముందు వాళ్లకు పక్క వరుసలో కుర్చీలు వేయాలని నేను గట్టిగా అంటాను. వాళ్లను స్పీకర్ బాక్సుల ముందు మాత్రం కూర్చోబెట్టకండి. చిన్నపిల్లల్ని కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇట్లాంటి వేదికల్లో శబ్దం 100 డెసిబెల్స్ దాటొద్దని చెప్పింది, అది కూడా పదిహేను నిమిషాల సగటున.

[దృశ్యం: టెంటు కింద చాప మీద ఏడుస్తున్న చిన్నపిల్లాడు. పక్కన ఇద్దరు వాలంటీర్లు.]

తప్పిపోయిన పిల్లల విషయంలో ఒక మాట జాగ్రత్తగా వినండి. పిల్లాడిని చేత్తో పట్టుకొని గ్రౌండంతా తిప్పకండి. ఒక చోట కూర్చోబెట్టండి, ఎప్పుడూ ఇద్దరు వాలంటీర్లు ఉండాలి, అందులో ఒకరు ఆడవాళ్లు. మైకులో పిల్లాడి పేరు, వేసుకున్న చొక్కా రంగు చెప్పేస్తే ఎవరైనా వచ్చి మా బాబే అనొచ్చు. అందుకే ‘ఒక బాబు మా దగ్గర ఉన్నాడు, తల్లిదండ్రులు నీళ్ల టెంటు దగ్గరికి రండి’ అని మాత్రమే చెప్పించండి. వచ్చినవాళ్లను పేరు, గుర్తులు అడగండి, పిల్లాడు వాళ్లను చూసి ఎట్లా ఉన్నాడో గమనించండి. అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి, పోలీసులకు చెప్పండి. గేటు దగ్గరే తల్లి ఫోన్ నంబర్ పిల్లల మణికట్టు మీద పెన్నుతో రాస్తే చాలావరకు టెన్షన్ ఉండదు.

ఇక ముగింపు వేళ. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లు వాడకూడదని చట్టం ఉంది కాబట్టి జనమంతా దాదాపు ఒకేసారి లేస్తారు. ఆఖరి పాటకు ముందే గేట్ల దగ్గరికి చేరుకోండి. గేట్లన్నీ తెరిచి, గేటు ముందు ఆపిన ఆటోలను, మిర్చి బజ్జీల బండ్లను పక్కకు జరిపించండి. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది కాబట్టి పల్లెల నుంచి ఆడవాళ్లు గుంపులుగా వస్తారు. దేవరకొండకు, కనగల్‌కు ఆఖరి బస్సు ఎప్పుడో డిపోలో ముందే కనుక్కోండి. ఆ టైమ్ మధ్యలో ఒకటికి రెండుసార్లు మైకులో చెప్పించండి.

వాలంటీర్ల తిండి కూడా చూడాలి. నాలుగు గంటలకు ఒకసారి మనుషుల్ని మార్చండి, పులిహోర పొట్లాలు ముందే విడిగా తీసి పెట్టండి. ఆకలిగా ఉన్నవాళ్లు ఎవరి ముఖం చూసినా కసురుకుంటారు.

అందరూ పోయాక పది నిమిషాలు కూర్చొని ఒక కాగితం మీద రాయండి: జనం ఎక్కువసార్లు ఏం అడిగారు, ఎక్కడ ఇరుకైంది, ఏ లైటు ఆరిపోయింది, నీళ్లు ఎప్పుడు అయిపోయాయి. ఆ కాగితం నిర్వాహకులకు ఇచ్చి, దాని ఫోటో మీ దగ్గర ఉంచుకోండి. వచ్చే కార్యక్రమానికి స్థలం చూడటానికి పోయేటప్పుడు మొదట అదే తెరవండి.