మోనజైట్ తవ్వే ముందు థోరియం లెక్క చెప్పాలి

మిత్రులారా, విద్యార్థులారా!

భీమిలి, కళింగపట్నం, భావనపాడు తీరాల్లో ఇసుక మీద నల్లటి చారలు మీరంతా చూసే ఉంటారు. అందులో ఎక్కువ భాగం ఇల్మెనైట్ అనే ఖనిజం. దాంతోపాటు పసుపు రంగు గింజల రూపంలో కొద్దిగా మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది. నియోడిమియం లాంటి 17 మూలకాల గుంపును రేర్ ఎర్త్ లోహాలంటారు. అవి ఉండేది ఆ గింజల్లోనే. దేశంలో ఇప్పటిదాకా గుర్తించిన మోనజైట్ దాదాపు 1.3 కోట్ల టన్నులు. ఆ నిల్వల్లో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. అందుకే ఈ విషయం మాట్లాడుకోవడానికి మన జిల్లాల కంటే తగిన చోటు లేదు.

ఈ రేర్ ఎర్త్‌ల అవసరం నిజమైనదే. నియోడిమియంకు ఇనుము, బోరాన్ కలిపి చేసే అయస్కాంతం 1980ల్లో వచ్చింది. ఎలక్ట్రిక్ కారు మోటారు అంత చిన్నగా ఉండి అంత బలంగా తిరుగుతోందంటే దాని పుణ్యమే. వేడికి ఆ బలం తగ్గకుండా డిస్ప్రోసియం కలుపుతారు. ఎంఆర్ఐ స్కానింగులో గడోలినియం, పెట్రోలు శుద్ధిలో లాంథనం వాడతారు. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల రేర్ ఎర్త్‌ల ఎగుమతికి లైసెన్సు పెట్టగానే మన వాహన కంపెనీలకు టెన్షన్ పట్టుకుంది. కాబట్టి అసలు తవ్వొద్దని నేను అనను.

పేరులో 'రేర్' ఉన్నా ఇవి అంత అరుదేమీ కాదు. భూమి పైపొరలో సీరియం దాదాపు రాగి ఉన్నంత ఉంది. కష్టమంతా విడదీయడంలోనే. ఈ 17 మూలకాల రసాయన స్వభావం ఇంచుమించు ఒకటే. ఆమ్లాల్లో కరిగించి, ద్రావకాలతో వందల దశల్లో విడగొట్టాలి. పైగా మన మోనజైట్‌లో 8 నుంచి 10 శాతం దాకా థోరియం ఆక్సైడ్ ఉంటుంది. అది రేడియోధార్మిక పదార్థం. లోహం అమ్ముడుపోయి వెళ్లిపోతుంది, థోరియం ఊళ్లో మిగులుతుంది.

మలేసియాలో ఇపో పట్టణం దగ్గర బుకిట్ మేరా అనే ఊరుంది. 1982లో అక్కడ జపాన్ భాగస్వామ్యంతో శుద్ధి కర్మాగారం పెట్టారు. తగరం గనుల వ్యర్థంలోని మోనజైటే ముడిసరుకు. థోరియం వ్యర్థాలకు సరైన నిల్వ ఏర్పాటు లేదు. పిల్లలకు బ్లడ్ క్యాన్సర్ వస్తోందని ఊరివాళ్లు మొత్తుకున్నారు. కంపెనీ కాదంది. 1985లో కోర్టుకెళ్లారు, 1992లో హైకోర్టు మూసెయ్యమంది, మరుసటి ఏడాది పైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. కోర్టులో గెలిచిన కంపెనీ కూడా జనం ఒత్తిడికి చివరికి మూసేసింది. ఆ తర్వాత శుభ్రం చెయ్యడానికి అయిన ఖర్చు దాదాపు 10 కోట్ల డాలర్లు. మామూలు మనుషులు ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కితే తప్ప అక్కడ వ్యర్థాల గురించి మాట్లాడినవాడు లేడు. నన్ను బాధపెట్టేది అదే.

మన తీరంలో ఇసుక దిబ్బలు తుపానుకు అడ్డు. 2018లో తిత్లీ ఏం చేసిందో శ్రీకాకుళం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టేదీ, మత్స్యకారులు పడవలు నిలిపేదీ ఆ ఒడ్డునే. అయినా 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. దేశ భద్రత కారణం చూపించింది. ఆ మినహాయింపు ఎత్తెయ్యాలి. థోరియం ఎక్కడ, ఎన్నేళ్లు, ఎవరి ఖర్చుతో దాస్తారో తవ్వకం మొదలుకాకముందే గ్రామసభలో తెలుగులో రాసివ్వాలి.