మేడ మీద తలుపు తెరిస్తే గాలే

మిత్రులకు నమస్కారం.

కాసేపట్లో మీరు చూడబోయే ‘వన్ వీక్’ 1920 సెప్టెంబరులో విడుదలైంది. రెండు రీళ్ల మూకీ సినిమా. అమెరికన్ హాస్యనటుడు బస్టర్ కీటన్, దర్శకుడు ఎడ్వర్డ్ క్లైన్ కలిసి తీశారు. కీటన్ సొంతంగా తీసుకున్న పొట్టి సినిమాల్లో మొదట జనం ముందుకొచ్చింది ఇదే. అప్పటికి ఆయనకు పాతికేళ్లు కూడా నిండలేదు.

కథ చిన్నది. కొత్త జంటకు పెళ్లి కానుకగా ఒక ఇల్లు వస్తుంది. కట్టిన ఇల్లు కాదు, పెట్టెల్లో సర్దిన ముక్కలు. పెట్టెల మీద నంబర్లు చూసి బిగించుకోవాలి. ఇది కల్పన కాదు. అమెరికాలో సియర్స్ కంపెనీ 1908 నుంచే కేటలాగ్‌లో ఇలాంటి ఇళ్లు అమ్మింది. సినిమాలో ఆ అమ్మాయి కాదన్న ఒకడు కడుపుమంటతో పెట్టెల మీద నంబర్లు మార్చేస్తాడు. మనవాడు, అంటే పెళ్లికొడుకుగా వేసిన కీటన్, మాత్రం కాగితంలో ఉన్నది ఉన్నట్టే పాటిస్తాడు. ఆ ఇల్లు ఎలా తయారవుతుందో నేను చెప్పను, మీరే చూడండి.

ఒక్క తలుపు గురించి మాత్రం చెప్పాలి. మేడ మీద ఒక తలుపుంది. దాని అవతల గది లేదు, మెట్లు లేవు, గాలే. కీటన్ మామూలుగా తలుపు తెరిచి అడుగు బయట పెట్టి, నేరుగా కింద తోటలో పడతాడు. ఆ పడటం నిజం. తోటలో పెద్ద గొయ్యి తవ్వి, గడ్డి నింపి, పైన పచ్చిక పరిచారు. అంత చేసినా ఆయన ఒళ్లు వాచిపోయింది. వేడినీళ్లు పోసి, ఆలివ్ నూనె రాసి, గుర్రాలకు వాడే మందుతో మర్దనా చేశారు.

పడటం ఆయనకు చిన్నప్పుడే అలవాటైంది. 1895లో కాన్సాస్‌లోని పిక్వా అనే ఊళ్లో పుట్టాడు. అమ్మా నాన్నా స్టేజీ ఆర్టిస్టులు. నాన్న ఈ పిల్లాణ్ణి స్టేజీ మీద అటూ ఇటూ విసిరేవాడు. పట్టుకోవడానికి వీలుగా చొక్కాకు ఒక పిడి కుట్టించారు. పడి లేచి తను నవ్వితే జనం నవ్వడం లేదని ఆ వయసులోనే పసిగట్టాడు. ఆ నవ్వని ముఖం అక్కడ పుట్టింది. కొందరు దాన్ని రాయి అంటారు. నాకు మాత్రం ఆ కళ్లలో శ్రద్ధ కనిపిస్తుంది. పని చెడిపోతే దాన్ని ఎలా బాగు చేయాలా అని ఆలోచించే మనిషి ముఖం అది. జాలి పడమని మనల్ని ఒక్కసారి కూడా అడగడు.

1917లో అప్పటి హాస్యనటుడు రోస్కో ఆర్బకల్ సినిమాతో తెర మీదికి వచ్చినప్పుడు, ముందు కెమెరా విప్పి లోపల ఏముందో చూశాడట. ఆ కుతూహలం ఈ సినిమాలో ప్రతి షాట్‌లోనూ ఉంది. గాలివానలో ఇల్లు గిర్రున తిరిగే సన్నివేశం బొమ్మతో చేసింది కాదు. నేలలో తిరిగే చట్రం పాతిపెట్టి, దాని మీద ఇల్లు కట్టారు. కెమెరాను దూరంగా పెట్టాడు, మనిషీ ఇల్లూ ఒకే ఫ్రేములో ఉండాలని. దగ్గరికెళ్లి ముక్కలు ముక్కలుగా తీసి అతికిస్తే మనకు అనుమానం వస్తుంది. అంతా ఒకేసారి కళ్లముందు జరిగితే నమ్మక తప్పదు, నమ్మాకే నవ్వొస్తుంది.

భార్యగా వేసిన సిబిల్ సీలీని కూడా గమనించండి. ఆ రోజుల హాస్య చిత్రాల్లో హీరోయిన్లకు చాలాసార్లు అరవడమే పని. ఈ అమ్మాయి అతనితో సమానంగా చాకిరీ చేస్తుంది. ఇల్లు ఎంత వంకర పోయినా అతన్ని దెప్పదు.

చివర్లో ఇల్లు రైలు పట్టాల మీద ఇరుక్కుంటుంది. రైలు వస్తుంది. ఇద్దరూ చూడలేక మొహాలు తిప్పుకుంటారు. అక్కడ కెమెరా ఎక్కడుందో ఒకసారి చూసుకోండి, ఆ తమాషా అంతా అందులోనే ఉంది. తరువాత అతను ఒక బోర్డు తీసుకొస్తాడు. బోర్డు పెట్టేసి, ఆమె చెయ్యి పట్టుకుంటాడు.

లైట్లు ఆర్పండి.