తేటగా ఉన్న నీరంతా మంచి నీరేనా? ఇంటి అక్వేరియం నీటి సంరక్షణ

నమస్కారం. మీ ముందున్నది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టె. ఇందులో సుమారు 50 లీటర్ల నీరు, ఎనిమిది గప్పీలనే చిన్న చేపలు ఉన్నాయి. నీరు తేటగానే కనిపిస్తోంది గాని, ఆ తేటదనాన్ని నమ్మి నేను మొదటి తొట్టెలోని చేపలన్నింటినీ పోగొట్టుకున్నాను. శుభ్రంగా ఉంచాలన్న ఆత్రంతో ప్రతి ఆదివారం నీరంతా పారబోసి, గులకరాళ్లనూ ఫిల్టర్ స్పాంజినీ కుళాయి కింద తోమి తోమి కడిగేవాడిని.

చేపల మొప్పల నుంచి, విసర్జన నుంచి, తినకుండా కుళ్లిన మేత నుంచి నీటిలో అమోనియా చేరుతుంది. స్పాంజిలోనూ రాళ్లమీదా నివసించే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరొక రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అమోనియా, నైట్రైట్ కొద్దిపాటి మోతాదులోనే చేపలకు విషం. నైట్రేట్‌ను అవి చాలావరకు తట్టుకోగలవు. కొత్త తొట్టెలో ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అలాంటి బ్యాక్టీరియాను నేను వారం వారం క్లోరిన్ నీటితో కడిగి పారబోశాను.

ఇప్పుడు వారానికొకసారి చేసే పనిని చూపిస్తాను. సైఫన్ గొట్టంతో రాళ్ల మధ్య పేరుకున్న మడ్డిని లాగుతూ నాలుగో వంతు నీరు, అంటే సుమారు 12 లీటర్లు, బకెట్లోకి తీస్తున్నాను. స్పాంజిని ఆ బకెట్లోనే రెండు మూడు సార్లు పిండుతున్నాను. గోధుమరంగు మురికి ఎలా దిగుతోందో చూడండి. స్పాంజి ఇంకా కాస్త మాసినట్టే ఉన్నా ఇంతటితో ఆపాలి.

కొత్త నీరు మునిసిపాలిటీ కుళాయిదైతే, సీసాపై రాసిన మోతాదు ప్రకారం యాంటీ క్లోరిన్ చుక్కలు కలపండి. ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది గాని, కొన్నిచోట్ల దాని బదులు వాడే క్లోరమిన్ (క్లోరిన్, అమోనియా కలిసిన పదార్థం) పోదు. బోరు నీటిలో సాధారణంగా క్లోరిన్ ఉండదు. ఆ నీరు కఠినంగా ఉన్నా గప్పీలు తట్టుకుంటాయి. ఖనిజాలు దాదాపు లేని ఆర్‌ఓ నీటిని మాత్రం ఒక్కదాన్నే నింపకండి. కొత్త నీటి వెచ్చదనం తొట్టె నీటితో సమానంగా ఉందో లేదో చేయి పెట్టి చూసి, నెమ్మదిగా పోయండి.

మేత రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి. నీటి జబ్బులు ఎక్కువగా మేత మిగలడంతోనే మొదలవుతాయని నా నమ్మకం.

ఇక పరీక్ష. గాజు గొట్టంలో తొట్టె నీటిని తీసుకుని, అమోనియా కిట్ చుక్కలు కలిపాను. కొద్ది నిమిషాలకు పసుపు రంగు నిలిచింది కాబట్టి ఈ కిట్ లెక్కన అమోనియా సున్నా. ఆకుపచ్చకు తిరిగి ఉంటే ఈ రోజే సగం దాకా నీరు మార్చి, రేపు మేత ఆపి, ఎల్లుండి మళ్లీ పరీక్షించేవాడిని. ఫిల్టర్‌ను మాత్రం ముట్టుకునేవాడిని కాదు.