దిగుడు దారిలో చిన్న ట్రాక్టరు, వెనక ట్రాలీ: కొండ మీదనుంచి క్షేమంగా దించే పద్ధతి

నమస్కారం. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, చిక్కబళ్లాపురం వైపో, కనకపుర వైపో, హోసూరు దాటి డెంకణికోట వైపో కొండవాలులో రెండు మూడు ఎకరాలు కొనుక్కున్న తెలుగువారు నాకు చాలామంది తెలుసు. వారిలో ఎక్కువమంది నన్ను అడిగే ప్రశ్న ఒకటే. చిన్న ట్రాక్టరు కొండ బాగానే ఎక్కుతోంది కాని, ట్రాలీ తగిలించుకుని దిగేటప్పుడు గుండె దడదడలాడుతోంది, ఏం చేయాలి అని. ఆ భయం సరైనదే. ఎక్కేటప్పుడు బలం చాలకపోతే బండి మొరాయించి ఆగుతుంది. దిగేటప్పుడు పట్టు చాలకపోతే ఆపడానికి మన చేతిలో ఏమీ మిగలదు. అందుకే దిగుడుకు సంబంధించిన నిర్ణయాలన్నీ పైన, బండి కదలకముందే జరిగిపోవాలి. ఈ వీడియోలో సగానికి పైగా బండి నిలిచే ఉంటుంది, దయచేసి ఆ భాగాన్ని దాటవేయకండి.

మనం ఇప్పుడు నంది కొండల దిగువన, ఒక మిత్రుడి మామిడితోట పైఅంచున ఉన్నాం. నంది శిఖరం ఎత్తు 1478 మీటర్లు. మన బాట అంత పైనుంచి వచ్చేది కాదు, తోటకూ కింది మట్టిరోడ్డుకూ మధ్య ఉన్న చిన్న దిగుడు మాత్రమే. అయినా ఇక్కడి నేలను ఒకసారి కాలితో రుద్ది చూడండి. ఎర్రమట్టి గట్టిగా ఉంది, దాని మీద కొండరాయి చివికి రాలిన గరుసు పరచుకుని ఉంది. ఎండాకాలంలో ఈ గరుసు చక్రం కింద గోలీల్లా దొర్లుతుంది. వాన పడితే కింది మట్టి జిగురుగా మారి టైరు గాడులను పూడ్చేస్తుంది. బెంగళూరు చుట్టుపక్కల సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వానలు ఎక్కువ కనుక, ఆ రోజుల్లో నేల పైకి ఆరినట్టు కనిపించినా నేను ట్రాలీతో దిగను.

మొదటి పని, బాటంతా నడిచి దిగి, నడిచి ఎక్కడం. దిగేటప్పుడు మీ చెప్పు ఎక్కడ జారిందో అక్కడ ఒక కొమ్మ పాతండి. వాన నీరు కోసిన గండి, కదిలే రాయి, ఒకపక్కకు ఒరిగిన చోటు, మలుపు, ఇవన్నీ గుర్తు పెట్టుకోండి. వీటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది పక్కకు ఒరిగిన చోటు. వాలుకు ఎదురుగా నిటారుగా దిగే బండి జారితే ముందుకే జారుతుంది, వాలుకు అడ్డంగా పోయే బండి జారితే పక్కకు దొర్లుతుంది. బాట పక్కకు ఒరిగి ఉంటే ముందుగా పారతో ఎత్తు వైపు మట్టి చెక్కి సమం చేయించండి. ఆ పనికి పట్టే పూట సమయం వృథా కాదు.

తరువాత వాలును కొలవాలి. కంటి అంచనా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే పైనుంచి చూసినవారికి వాలు ఎక్కువగానూ, కిందినుంచి చూసినవారికి వేరుగానూ కనిపిస్తుంది. రెండు మీటర్ల పొడవున్న తిన్నని చెక్కను బాట మీద పరిచి, దాని మీద ఫోను పెట్టి కోణం చూపే యాప్ తెరవండి. ఈ బాటలో నిటారైన చోట 14 డిగ్రీలు చూపిస్తోంది. అంటే నాలుగు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు కిందికి దిగుతున్నామన్నమాట.

ఇప్పుడు ట్రాక్టరు దగ్గరకు రండి. కుడికాలి వైపు రెండు బ్రేకు పెడళ్లున్నాయి, ఒకటి కుడి వెనక చక్రానికి, మరొకటి ఎడమ వెనక చక్రానికి. దున్నేటప్పుడు మూల తిరగడానికి వీటిని విడదీసి ఉంచుతాం. దిగుడులో పొరపాటున ఒక్క పెడలే తొక్కితే బండి ఆ పక్కకు గిర్రున తిరుగుతుంది కనుక, రెండిటినీ కలిపే ఈ గొళ్ళెం వేసి, కాలితో తొక్కి రెండూ ఒకేసారి పడుతున్నాయో లేదో చూసుకోవాలి. మామూలు చిన్న ట్రాక్టరుకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. దిగుడులో బరువు ముందుకు వాలుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. బ్రేకు ఉన్న చక్రాల మీద బరువు లేదు, బరువు ఉన్న చక్రాలకు బ్రేకు లేదు. చిన్న ట్రాక్టరు దిగుడులో జారడానికి మూలకారణం ఇదే.

మీ బండికి ఫోర్‌వీల్ డ్రైవ్ ఉంటే దిగేముందు తప్పకుండా ఆ లివరు వేయండి. చాలామంది దాన్ని ఎక్కడానికే అనుకుని, దిగేటప్పుడు తీసేస్తారు. ఆ లివరు వేసినప్పుడు ముందు ఇరుసు షాఫ్టు ద్వారా గేరుపెట్టెతో కలుస్తుంది. దాంతో ఇంజను పట్టే పట్టూ, వెనక బ్రేకు పట్టే పట్టూ నాలుగు చక్రాలకూ అందుతాయి.

ఒక లెక్క చెబుతాను, కాగితం తీసుకుని మీ బండి బరువులతో మీరూ వేసుకోండి. ట్రాక్టరు, నడిపే మనిషి కలిపి 800 కిలోలు అనుకుందాం. 14 డిగ్రీల వాలులో ఏ బరువైనా తనలో సుమారు నాలుగో వంతుతో కిందికి లాగుతుంది, కాబట్టి ట్రాక్టరు ఒక్కటే సుమారు 190 కిలోల బలంతో కిందికి లాగుతుంది. గరుసు నేల మీద టైరుకు దొరికే పట్టు, టైరు మీద ఉన్న బరువులో 40 శాతం అనుకుందాం. వెనక రెండు చక్రాల మీదే ఆధారపడితే సగం బరువుకే పట్టు దొరుకుతుంది, అది 155 కిలోలు. లాగుడు 190, పట్టు 155, ట్రాలీ లేకుండానే బండి జారుతుంది. నాలుగు చక్రాలూ పట్టితే పట్టు 310 కిలోలకు పెరుగుతుంది, బండి నిలుస్తుంది. దానికి 200 కిలోల ఖాళీ ట్రాలీ తగిలిస్తే మొత్తం లాగుడు 240, ఇంకా నిలుస్తుంది. ఆ ట్రాలీలో 300 కిలోల సరుకు వేస్తే లాగుడు 315 అవుతుంది, మన పట్టు 310 దగ్గరే ఉండిపోతుంది. ట్రాలీ కొంత బరువును కొక్కెం మీద మోపి వెనక చక్రాలకు సాయపడుతుంది కాని, గండిలో ఒక్క కుదుపుతో ఆ సాయం పోతుంది కనుక దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. బ్రేకులు లేని ట్రాలీలో ఆరు బస్తాల సరుకు, క్షేమానికీ ప్రమాదానికీ మధ్య ఉన్న తేడా అంతే.

ఈ లెక్క నాకు తెలియని రోజుల్లో ఒకసారి కంచె కోసం తెచ్చిన రాతి కూసాలు మిగిలిపోతే, వాటిని ట్రాలీలో వేసుకుని ఇలాంటి బాటలోనే దిగాను. మలుపు దగ్గర బ్రేకు తొక్కగానే ట్రాక్టరు నెమ్మదించింది, ట్రాలీ నెమ్మదించలేదు. అది వెనకనుంచి తోస్తూ పక్కకు మళ్లి, ట్రాక్టరును కత్తెరలా మడిచి, కానుగ చెట్టుకు ఆనించింది. నాకు మోచేయి గీరుకుపోవడంతో సరిపోయింది. ట్రాలీ అంచు మీద కూర్చుని వస్తానన్న తమ్ముడిని ఆ రోజు ఎందుకో నడిచి రమ్మన్నాను. చెట్టుకు ఆనింది సరిగ్గా అతను కూర్చోబోయిన అంచే. అప్పటినుంచి ట్రాలీలో కాని, మడ్‌గార్డు మీద కాని, ఎంత దగ్గరివారినైనా, ఎంత చిన్న దూరమైనా నేను ఎక్కించుకోను. మీరూ ఎక్కించుకోవద్దని వేడుకుంటున్నాను.

సరుకు దించక తప్పని రోజు వస్తే మూడు దారులున్నాయి. ఒకటి, కొంచెం కొంచెంగా నాలుగు విడతల్లో దించడం. రెండు, ట్రాలీకి బ్రేకులు బిగించుకోవడం. మూడోది మోకు, దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను. మా తాత ఎడ్లబండి దిగుడులో దించేటప్పుడు వెనక ఒక మొద్దు కట్టి ఈడ్పించేవారు, బరువు ఎడ్ల మెడల మీద పడకుండా వెనకనుంచి పట్టి ఉంచడం దాని ఉద్దేశం. మోకు చేసేదీ అదే పని.

మోకు ఒక కొసను ట్రాలీ వెనక ఉక్కు చట్రానికి కట్టాలి, తొట్టి పలకలకు కాదు. రెండో కొసను బాట పైఅంచున, మనిషి నడుమంత లావున్న బతికిన చెట్టు మొదలుకు చుట్టాలి. కట్టకూడదు, చుట్టాలి. మోకుకూ మానుకూ మధ్య ఒరిపిడి మామూలుగా ఉన్నా, ఒక పూర్తి చుట్టుతో చేతి బలం ఆరు రెట్లకు పైగా పెరుగుతుంది, రెండు చుట్లతో నలభై రెట్లు దాటుతుంది. అంటే పది కిలోల బిగువుతో పట్టుకున్న మనిషి నాలుగు వందల కిలోల లాగుడును నిలపగలడు. కొద్దికొద్దిగా వదులుతూ ఉంటే ట్రాలీ తోయడం మానేస్తుంది, ట్రాక్టరే దాన్ని మెల్లగా లాగవలసి వస్తుంది, అప్పుడు అది పక్కకు మళ్లదు. ప్లాస్టిక్ మోకు వేగంగా వదిలితే మాను దగ్గర ఒరిపిడి వేడికి కరుగుతుంది. నార మోకు మంచిది, అది దొరకకపోతే వదిలే వేగం బాగా తగ్గించాలి. మన బెంగళూరు ఎస్.పి. రోడ్డు దుకాణాల్లో మోకు కొనేటప్పుడు లావు ఒక్కటే చూడకండి, ఎంత బరువుకు తెగుతుందో అడిగి, మీ లెక్కలో వచ్చిన లాగుడుకు పది రెట్లు ఉన్నదే తీసుకోండి. బిగిసిన మోకు తెగితే కొరడాలా కొడుతుంది కనుక దాని వరుసలో ఎవరూ నిలబడకూడదు, చేతికి చుట్టుకోకూడదు. బాట మలుపు తిరిగే చోట మోకు అడ్డదారిన ట్రాలీని పక్కకు లాగుతుంది. కాబట్టి మలుపు వరకు ఒక విడత దించి, చక్రాలకు అడ్డురాళ్లు పెట్టి, మరో చెట్టుకు మార్చుకుని మళ్లీ మొదలుపెట్టాలి.

మోకు పట్టే మనిషికీ, నడిపే మనిషికీ మధ్య మాట ముందే కుదరాలి. ఈ ప్రాంతంలో చాలామంది తెలుగు మాట్లాడతారు కాని, మీ దగ్గర పనిచేసేవారు కన్నడంలో ఆలోచించేవారైతే అదురుపాటులో ‘ఆపు’ అన్న మాట ఒక క్షణం ఆలస్యంగా అందవచ్చు. పైకెత్తిన అరచెయ్యి ఆగమని, కిందికి ఊపిన చెయ్యి వదలమని సైగలు పెట్టుకోండి. సైగ చేసే మనిషి ఒక్కరే ఉండాలి, ఆయన బాట పక్కన, బండికి ఎత్తు వైపు నిలబడాలి.

కొక్కెం పిన్నుకు కింద క్లిప్పు ఉందో లేదో చూడండి. పిన్ను బదులు బోల్టు పెట్టి ఉంటే ఈ రోజు దిగకండి. డీజిలు ట్యాంకు సగానికి పైగా ఉండాలి, లేకపోతే వాలులో డీజిలు ముందుకు చేరి పైపుకు అందక ఇంజను ఆగుతుంది, దానితో పాటు పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది. సరుకు ఎత్తుగా పేర్చకుండా, ఇరుసుకు కొంచెం ముందు వైపు బరువు ఉండేలా సర్ది కట్టండి. బోల్తా పడినప్పుడు మనిషిని కాపాడే ఇనుప చట్రం మీ ట్రాక్టరుకు ఉంటే దాన్ని నిలబెట్టి సీటుబెల్టు పెట్టుకోండి. చట్రం లేకపోయినా, మడిచి ఉన్నా బెల్టు పెట్టుకోకూడదు.

ఇక దిగుదాం. పైన తమ్ముడు మోకు పట్టుకుని ఉన్నాడు. లో గేరులో అన్నిటికంటే చిన్న గేరు ఇక్కడే, చదునుగా ఉన్న చోటే వేస్తున్నాను. చేతి యాక్సిలరేటరు పూర్తిగా తగ్గించాను. ఇప్పుడు క్లచ్ మీదనుంచి కాలు తీసి నేల మీద పెట్టేశాను, కింద చదును వచ్చేదాకా అది పైకి రాదు. క్లచ్ తొక్కిన క్షణంలో ఇంజను చక్రాలను వదిలేస్తుంది, వాలు మధ్యలో గేరు మార్చబోతే మళ్లీ పడకపోవచ్చు. ఇంజను చప్పుడు వినండి. ఇప్పుడు మామూలుగా ఉంది. ఇదిగో, ఇక్కడ కొంచెం పెరిగింది, అంటే ట్రాలీ తోస్తోంది. బ్రేకును మెత్తగా ఒకసారి తొక్కి వదిలాను, చప్పుడు తగ్గింది. కంటికంటే చెవి ముందు చెబుతుంది కాబట్టి దిగేటప్పుడు పాటలు పెట్టుకోకండి.

చక్రాలు తిరగడం మానేసి బండి జారుతోందనిపిస్తే, బ్రేకు మీద మరింత తొక్కాలని కాలు ఆరాటపడుతుంది. తొక్కకండి. బ్రేకు వదిలి, చక్రం మళ్లీ తిరగనిచ్చి, బండిని వాలుకు నేరుగా ఉంచండి. ట్రాలీ పక్కకు మళ్లుతుంటే కొంచెం యాక్సిలరేటరు ఇస్తే ట్రాక్టరు ముందుకు లాగి దాన్ని వరుసలోకి తెస్తుంది. మనసు ఒప్పుకోని పని ఇది, అందుకే ఖాళీ ట్రాలీతో చిన్న వాలు మీద పదిసార్లు సాధన చేయాలి.

పవర్ టిల్లరు, అంటే హ్యాండిలు పట్టి నడిపే రెండు చక్రాల దున్నే యంత్రం, నడిపేవారికి ఒక ప్రత్యేకమైన హెచ్చరిక. 1967 నుంచి బెంగళూరులో ఉన్న, టిల్లర్లు తయారుచేసే వి.ఎస్.టి. సంస్థ వల్ల మన ప్రాంతంలో టిల్లర్లు ఎక్కువ, వాటి వెనక ట్రాలీ కట్టి కొండదారి దిగేవారూ ఎక్కువే. హ్యాండిలుకు రెండు పక్కలా ఉండే స్టీరింగ్ క్లచ్ లివర్లు ఆ పక్క చక్రాన్ని ఇంజను నుంచి విడిపిస్తాయి. చదునులో ఎడమ స్టీరింగ్ క్లచ్ నొక్కితే టిల్లరు ఎడమకు తిరుగుతుంది. దిగుడులో అదే క్లచ్ నొక్కితే కుడికి తిరుగుతుంది. కారణం సులభమే. చదునులో ఇంజను చక్రాన్ని తిప్పుతుంది, దాన్ని విడిపిస్తే ఆ చక్రం వెనకబడుతుంది. దిగుడులో ఇంజను చక్రాన్ని పట్టి ఆపుతుంటుంది, విడిపిస్తే ఆ చక్రం ముందుకు దూకుతుంది. ఏళ్ల అలవాటున్న చెయ్యి కూడా అదురుపాటులో తప్పు లివరునే నొక్కి లోయవైపు తిప్పుతుంది. అందుకని దిగుడులో ఆ లివర్లను ముట్టకుండా, హ్యాండిలును చేతులతో నెట్టి తిప్పండి, ట్రాలీ సీటు దగ్గరున్న కాలి బ్రేకును వాడండి. మలుపు ఎక్కువగా ఉంటే ముందే ఆగి, అడ్డురాయి పెట్టి, ట్రాలీ విప్పేయండి.

కిందికి వచ్చాం. చదును మీదికి నాలుగు చక్రాలూ, ట్రాలీ రెండు చక్రాలూ పూర్తిగా వచ్చాకే ఆపాను. పార్కింగ్ బ్రేకు వేసి, ఇంజను ఆపి, గేరులోనే వదిలి, ట్రాలీ చక్రాలకు రెండు వైపులా అడ్డురాళ్లు పెడుతున్నాను. పైన మోకు పట్టిన తమ్ముడు ఇంకా దాన్ని వదలలేదు చూడండి. నేను రాళ్లు పెట్టి, ట్రాలీని చేత్తో కదిపి చూసి, సైగ చేశాకే అతను మాను మీదనుంచి చుట్లు విప్పుతాడు.