అమ్మ ఫోన్‌లో తుఫాను అలర్ట్ ఆన్‌లో ఉందా? ఇలా చూడండి

నమస్తే అండీ, పలాస నుంచి మాట్లాడుతున్నాను. నా చేతిలో ఉన్నది మా అమ్మ ఫోన్. 2023లో టెస్ట్ అలర్ట్ అని ఫోన్లు గట్టిగా బీప్‌మన్నాయి, గుర్తుందా? అప్పుడు అమ్మ చారుకి పోపు పెడుతోంది, ఫోన్ పేలిపోతుందేమోనని కంగారుపడి గరిట వదిలేసింది. మళ్లీ మోగకుండా ఎవరో ఆఫ్ చేసి ఇచ్చారట. నిన్న చూస్తే ఇంకా ఆఫ్‌లోనే ఉంది, నాకు గుండె జల్లుమంది.

ఇదిగో, స్క్రీన్ దగ్గరగా చూడండి. సెట్టింగ్స్ తెరిచి పైన సెర్చ్‌లో ఇంగ్లీషులో ఎమర్జెన్సీ అని కొట్టండి, వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్ అని వస్తుంది. లోపలికెళ్లి అలర్ట్స్ ఆన్ చేయండి, టెస్ట్ అలర్ట్స్ కూడా. కొన్ని ఫోన్లలో ఇది సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీలో ఉంటుంది. ఐఫోన్ అయితే నోటిఫికేషన్స్‌లో అట్టడుగుకి వెళ్లండి.

"నెట్ బ్యాలెన్స్ లేదు కదా, వస్తదా?" అని అమ్మ అడిగింది. వస్తుంది. ఎస్సెమ్మెస్ ఒక్కో నంబరుకీ విడివిడిగా వెళ్లాలి, అందరూ ఒకేసారి ఫోన్లు చేసుకునే వేళ అది ఇరుక్కుపోతుంది. ఇది సెల్ బ్రాడ్‌కాస్ట్, ఊళ్లో దండోరా వేసినట్టు. టవర్ మీ నంబరే చూడదు, ప్రమాదం ఉన్న ప్రాంతంలో తన పరిధిలోని ఫోన్లన్నింటికీ ఒకేసారి చెప్పేస్తుంది. మన దేశంలో దీన్ని ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీడాట్ వాళ్లు, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కలిసి తెచ్చారు. ఇది ఓటీపీ అడగదు, అడిగితే అది మోసమే.

కానీ ఫోన్ స్విచాఫ్‌లో ఉన్నా, ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా రాదు. వేటకెళ్లిన బోటు టవర్ సిగ్నల్ దాటిపోతే దానికీ అందదు, కాబట్టి ఒడ్డున మెసేజ్ చూసినవాళ్లు బయల్దేరబోయేవాళ్లని ఆపాలి.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన పలాస దగ్గరే తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి చెట్లు నేలకొరిగాయి. మా ఇంట్లో కరెంటు పోయింది, వెంటనే సిగ్నల్ కూడా. టవర్‌కీ కరెంటు కావాలి కదండీ, బ్యాటరీ అయిపోతే అదీ మూగబోతుంది. అందుకే అలర్ట్ మోగగానే ముందు ఫోన్ చార్జింగ్ పెట్టండి, రాత్రి స్విచాఫ్ చేయకండి. మెసేజ్‌లో ఊరు ఖాళీ చేయమంటే తెల్లారేదాకా చూడొద్దు, పశువుల తాళ్లు విప్పేసి పెద్దవాళ్లని తీసుకుని షెల్టర్‌కి వెళ్లిపోండి.

అమ్మ ఫోన్ అయిపోయింది. పక్కింటి అప్పది బటన్ల ఫోన్, దాన్ని ఇప్పుడు తీసుకొస్తాను, అందులో ఎలాగో చూద్దాం.